బస్సు తిరిగేంత చోటు

మా పక్కింటి డ్రైవరు పెదనాయన పోయాడు. ఇరవై రోజులయింది. గుండెపోటు అని ఆసుపత్రి వాళ్లు కాగితం రాసిచ్చారు. అడిగినవాళ్లందరికీ నేనూ అదే చెప్పుకుంటూ వచ్చాను. ఇంక ఆ మాట నా నోట రాదు. నొప్పి వచ్చినప్పుడు ఆయన స్పృహలోనే ఉన్నాడు. పెద్దమ్మ చేయి పట్టుకుని తనంతట తానే అంబులెన్సు ఎక్కాడు. మా ఇంటి నుంచి ఆసుపత్రికి బండిలో పోతే పట్టుమని పది నిమిషాలు కూడా పట్టదు. మా వీధి చివర మలుపులో అంబులెన్సు ఇరుక్కుపోయింది. ఆ మలుపు దాటేలోపే మనిషి పోయాడు. మదనపల్లెలో మేమంతా రోజూ తిట్టుకుంటూ దాటే మలుపు అది. తిట్టుకుంటూనే అక్కడ బండ్లు పెట్టేదీ మేమే.

ఆయన మాకు చుట్టం కాదు. మా గోడ, వాళ్ల గోడ ఒకటే. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే బస్సు ముప్పై ఏళ్లు నడిపాడు. నాకు మొదట కుప్పం దగ్గర మాస్టరు ఉద్యోగం వచ్చింది. సోమవారం తెల్లవారితో పోయి శనివారం సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ని, రానూ పోనూ ఆయన బస్సులోనే. ఇంజను పక్కన నాకొక చోటు అట్టిపెట్టేవాడు. వయసులో నాకంటే ఎంతో పెద్దయినా, చదువుకున్నవాణ్నని కొంచెం వేళాకోళం చేసేవాడు. "సారూ, నువ్వు పిల్లకాయలకి పాఠం చెప్పు, నేను రోడ్డుకి చెప్తా" అనేవాడు.

హారను కొట్టడమంటే ఆయనకు చిరాకు. ఒకసారి కుప్పం బజారులో ఎవడో బజ్జీల అంగడి ముందు బైకును అడ్డంగా పెట్టి లోపలికి పోయాడు. బస్సు కదలదు. వెనకాల ట్రాక్టర్లు, ఆటోలు గోల పెడుతున్నాయి. పెదనాయన ఇంజను ఆపి, దిగి, బైకు వెనక భాగం రెండు చేతులతో ఎత్తి పక్కకు జరిపాడు. అప్పుడొచ్చాడు బైకు వాడు, నోట్లో బజ్జీతో. "రెండు నిమిషాలే కదన్నా" అన్నాడు. "నీకు రెండు నిమిషాలప్పా. నా బస్సు నిండా జనం ఉండారు. ఒగమ్మ ఒళ్లో జొరమొచ్చిన బిడ్డ ఉండాది. వాళ్లందరి కాలం తినేదానికి నువ్వెవురు?" అన్నాడు పెదనాయన. గొంతు పెంచలేదు. వాడు మాత్రం నమలడం మానేశాడు.

మరోసారి రామకుప్పం వైపు ఏనుగులు రోడ్డు దాటుతుంటే బస్సు చాలాసేపు ఆగిపోయింది. ప్రయాణికులంతా భయంతో బిగుసుకుని కూర్చున్నారు. పెదనాయన స్టీరింగు మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "సూడు సారూ, దాటినేది దాటినట్టే పక్కకి పోయి నిలబడతాండాది. రోడ్డు మద్దెలో ఒగటన్నా నిలబడిందా? ఆటిని తీసకపోయి మన టౌనులో వదిలితే మనకి బుద్ధొస్తాది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

రిటైరయ్యాక ఆయనకు ఆ మలుపు పట్టుకుంది. పుంగనూరు వైపు పోయే బస్సులు అక్కడ ఎడమకు తిరగాలి. ఒక్కసారికి తిరగవు. ముందుకొచ్చి, వెనక్కి పోయి, మళ్లీ ముందుకొచ్చి, రెండు మూడు తిప్పలు పడాలి. ఆ లోపల టమాటా లారీలు, బడి వ్యాన్లు, ఆటోలు, అన్నీ ఒకదాని మూతి ఒకటి నాకుతూ నిలబడతాయి. రోడ్డు చాలదని మేం అనేవాళ్లం. "రోడ్డు సన్నం కాలేదు, మనం లావైనాం" అనేవాడు ఆయన. ఒకరు కాలవ మీద బండ వేసి మెట్లు కట్టారు. ఇంకొకరు ఆ మెట్ల ముందు కూల్‌డ్రింకుల పెట్టె పెట్టారు. దాని ముందు పూల బండి. పూలు కొనేవాళ్ల స్కూటర్లు దాని ముందు. మనిషి మనిషికీ జానెడే, ఎవరిని అడిగినా "నాది అంతే కదా" అంటారు.

ఆయన అడిగింది మాత్రం చాలా చిన్నది. పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం పోయిన దారిన పోదు, మూలకు కోసుకుని పోతుంది. ఆ మూల వదిలితే చాలు, బస్సు ఒక్కసారికే తిరుగుతుంది. ఆటోలు ముప్పై అడుగులు ముందుకుపోయి మనుషులను ఎక్కించుకోవాలి. అంగళ్లకు సరుకు తెల్లవారకముందే దింపుకోవాలి. ఇంతే. ఈ మాట రాసి అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎవరో వచ్చి ఫోటోలు తీసుకుని పోయారు. కొన్నాళ్లకు, ఇక్కడ బండ్లు నిలపరాదు అని ఒక బోర్డు పాతారు. ఎక్కడ పాతారనుకున్నారు? సరిగ్గా బస్సు వెనక చక్రం తిరిగే చోటును ఆనుకుని. మా జనం ఆ బోర్డు కంబానికే బైకులు ఆనించారు. రోడ్డు వెడల్పు చేస్తే పీడ పోతుంది కదా పెదనాయనా అన్నాను నేను. "పుంగనూరులో నా కండ్ల ముందరే ఒగచోట వెడల్పు చేసినారు సారూ. రోడ్డు ఎంత వెనక్కి పోయిందో, అంగడి అంత ముందరికొచ్చె. ఇచ్చిన చోటు ఎవురికిచ్చినామో సూసుకోవల్ల" అన్నాడు.

అప్పుడు మొదలుపెట్టాడు ముగ్గు. తెల్లవారుజామున పెద్దమ్మ దగ్గర ముగ్గుపిండి డబ్బా అడిగి తీసుకుని పోయి, వెనక చక్రం ఎంత మేర కోసుకుంటుందో అంత మేర నేల మీద వంపుగా గీత పోశాడు. గీత వంకరటింకరగా వచ్చేది. పెద్దమ్మే పోయి వేళ్ల సందున పిండి ఎట్లా జార్చాలో నేర్పించింది. వీధిలో ఆడవాళ్లు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. పాల బూత్ దగ్గర మగవాళ్లు "డ్రైవరు ముగ్గేస్తాండాడు, రేపు గొబ్బెమ్మలు పెడతాడు" అని పగలబడి నవ్వారు. నేనూ నవ్వినవాళ్లలో ఉన్నాను.

నవ్వులు ఆగిపోయాయి, ఎందుకంటే ఆ గీత పని చేసింది. బోర్డును లెక్కచేయనివాళ్లు ముగ్గును తొక్కడానికి వెనకాడారు. బైకు తెచ్చి, గీత చూసి, గొణుక్కుంటూ అవతల పెట్టేవాళ్లు. ఎవరింటి ముందరి ముగ్గో అన్న ఒక బెరుకు. కొన్ని నెలలు కుప్పం బస్సు ఆ మలుపు ఒక్కసారికే తిరిగింది. పెదనాయన పాల బూత్ అరుగు మీద కూర్చుని, టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా, ప్రతి బస్సు వెనక చక్రాన్నే చూసేవాడు.

ఆ బెరుకు ఎన్నాళ్లుంటుంది? మొదట ఒక కారు ఎక్కింది గీత మీద. మరుసటి రోజు నాలుగు స్కూటర్లు. "రోడ్డు ఆయబ్బ సొత్తా?" అన్నాడొకడు, తండ్రి వయసు మనిషిని పట్టుకుని. ఆయన మానలేదు. రోజూ గీశాడు, రోజూ మేం తొక్కాం. ఊరు పాడైపోతోందని, అధికారులు నిద్రపోతున్నారని టిఫిన్ తింటూ మాట్లాడుకున్నాం. ఈ మాటలు మాట్లాడిన ప్రతి నోటి మీదా నాకిప్పుడు కోపం. అందులో మొదటిది నాదే.

ఎందుకో చెప్పాలి. ఆ రోజు ఆదివారం. మలుపు దగ్గర మటన్ అంగడికి పోయాను. కారు పెట్టడానికి చోటు లేదు. గీత కనబడింది. దాని మీదే పెట్టాను. ఇంతలో వచ్చేస్తాను కదా అనుకున్నాను. వరుసలో నిలబడ్డాక సైరన్ వినబడింది. దగ్గరికొచ్చి ఒకేచోట నిలబడిపోయి అరుస్తోంది. నా ముందు ఇద్దరే ఉన్నారు. ఇప్పుడు పోతే మళ్లీ వరుస చివర నిలబడాలి. అడ్డం నా కారు ఒక్కటేనా, ఇన్ని బండ్లున్నాయి కదా అని నిలబడ్డాను. చెబుతుంటే నాకే అసహ్యంగా ఉంది, కానీ నేను అనుకున్నది అదే. "ఎవురిదప్పా ఈ తెల్ల కారు?" అని ఎవరో అరిచారు. పొట్లం చేతికొచ్చాకే పోయి కారు తీశాను. అంబులెన్సు అద్దాల వైపు తల కూడా తిప్పలేదు. లోపల ఎవరున్నారో ఇంటికొచ్చి పక్కింట్లో ఏడుపులు విన్నాకే తెలిసింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచుకోవడానికి పెద్ద మనిషి వేషం వేశాను. పదకొండో రోజు సంతాపసభ పెడదామని నేనే అందరినీ కూడగట్టాను. ఎక్కడ పెట్టామో చూడండి మా తెలివి. ఆ మలుపులోనే, రోడ్డు మీదనే. సగం రోడ్డుకు షామియానా, దాని కింద కుర్చీలు, జనరేటరు బండి ఒక పక్క. ఆయన ఫోటో పెట్టిన బల్ల ఏ మూల వేశామో నన్ను అడగకండి. ముప్పై మంది పెద్దలం ఉన్నాం. రోడ్డుకు అడ్డం కదా అని ఒక్కరికీ తోచలేదు. మంచి పనికి వేసిన షామియానా కదా!

నా వంతు వచ్చింది. రాసుకొచ్చిన కాగితం చూసి, ప్రజాసేవ, త్యాగం, ఆదర్శమూర్తి అని చదువుతున్నాను. కుప్పం బస్సు వచ్చి షామియానా ముందు ఆగింది. డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు. మాలో ఒకాయన చేయెత్తి "కొంచెం తాళప్పా, పెద్దాయన సబ జరగతాండాది, కనబళ్లేదా?" అని గదిమాడు. బస్సు కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. వెనకాల బండ్లు పేరుకుంటున్నాయి. నాకు అంతా తెలుస్తోంది. అయినా రెండో కాగితం తిప్పాను.

ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ లేచింది. పదకొండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి. బల్ల దగ్గరికి వచ్చి, దండతో సహా ఫోటో తీసి చంకన పెట్టుకుంది. అందరూ ఆమె ఏడుస్తుందని చూస్తున్నారు. ఆమె నా పక్కకొచ్చి నిలబడింది.

"ఆ పొద్దు నీ కారు తీసినంత సేపు చేయొద్దప్పా" అంది. "బస్సు నిలబడుకోనుండాది. బిన్నా తియ్యండి ఇయ్యన్నీ."

మైకు నా చేతిలోనే ఉంది. వీధి వీధంతా విన్నది.

నా వైపు చూడకుండానే ఒకరు కుర్చీ మడిచారు, తర్వాత ఇంకొకరు. నేను పోయి షామియానా గుంజను పట్టుకుని లాగాను. ఒక పట్టాన రాలేదు. జనరేటరు బండిని పదిమంది తోశారు. బల్ల కాలవ అవతలికి పోయింది. పెద్దమ్మ కాలవ గట్టు మీద నిలబడి, ఫోటోను గుండెలకు ఆనించుకుని, ముఖం రోడ్డు వైపుండేటట్టు పట్టుకుంది. బస్సు కదిలింది. ఎక్కడా ఆగకుండా, వెనక్కి పోకుండా, ఒక్కసారికే తిరిగి వెళ్లిపోయింది. దాని వెనక లారీ, బడి వ్యాను, ఆటోలు, స్కూటర్లు వచ్చాయి. అవన్నీ పోయేదాకా ఆమె అక్కడే నిలబడింది, చేయి నొప్పి పుట్టినప్పుడు ఫోటోను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ.