ట్రెయిలర్ తిరగాల్సిన దిక్కు

జెద్దాలో ఒక గేమ్ కంపెనీలో నా ఉద్యోగం ఫిర్యాదులు చదవడం. వీడియో గేమ్‌ను మార్కెట్లోకి వదిలే ముందు కొంతమందికి ఉచితంగా ఇచ్చి ఆడిస్తారు. దాన్ని బీటా అంటారు. తప్పులు పట్టి చెప్పమనే ఇస్తారు కానీ, ఆడేవాళ్లకు అది పూర్తయిన గేమ్ లాగానే ఉండాలి. కాస్త ఆగి ఆగి కదిలినా, ఎక్కడో ఒక గోడ కనపడకపోయినా కోపంగా రాస్తారు. ఒకాయన తన లారీకి నచ్చిన రంగు లేదని వారం రోజులు రాశాడు. ఇంకొకామె ఎడారి మరీ ఖాళీగా ఉంది, ఒంటెలు పెట్టమంది. ఇవన్నీ చదివి, పనికొచ్చేవి తయారుచేసేవాళ్లకు పంపి, మిగతావి మూసేయడం నా వంతు. ఏది పనికొస్తుందో తేల్చేది నేనే కాబట్టి కొన్నాళ్లకు అది కొంచెం నా తలకెక్కిందని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పుడు మేము పరీక్షిస్తున్నది లారీలు నడిపే గేమ్. హఫర్ అల్ బాతిన్ నుంచి ఒకతను దాని మీద ఎనిమిది సార్లు రాశాడు. ఎనిమిదింటిలోనూ ఒకటే మాట. వెనక్కి తోలేటప్పుడు ట్రెయిలర్ తప్పు వైపు పోతోంది, నిజమైన బండి ఇలా పోదు అని. ఫోన్‌లో నోటితో చెప్పి టైపు చేయించిన ఇంగ్లీషు అది. సగం మాటలు ఒకదానికొకటి అతుక్కునేవి కావు. మొదటి ఏడూ "అర్థం కాలేదు" అని మూసేశాను. ఎనిమిదోది వచ్చేసరికి విసుగొచ్చి జవాబు రాశాను. ఇది ఇంకా పూర్తికాని గేమ్ అని, ట్రెయిలర్ ఎటు తిరగాలో మా ఇంజనీర్లకు బాగా తెలుసు అని, తమరు శిక్షణ పాఠం మళ్లీ మొదటి నుంచి ఆడి రివర్స్ చేయడం నేర్చుకోగలరు అని. పంపే ముందు పక్క సీట్లవాళ్లకు చదివి వినిపించాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగుండింది.

నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ట్రెయిలర్ ఎక్కలేదు.

నెల తర్వాత కంపెనీ కొందరు ఆటగాళ్లను ఆఫీసుకు పిలిచింది. ఎదురుగా కూర్చోబెట్టి వాళ్లు చెప్పేది వినాలని మా పెద్ద మేడం ఆలోచన. ఆమె జోర్డాన్ మనిషి, గేమ్ తయారీ అంతా ఆమె చేతిలోనే ఉండేది. వచ్చినవాళ్లలో అందరూ ఇరవై ఏళ్లవాళ్లే, ఒక్కతను తప్ప. అతనికి యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా వేసుకొని, తలుపు దగ్గర చెప్పులు విడవాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు. కడప జిల్లా ముస్లిం. పెద్ద ట్రెయిలర్ డ్రైవరు. పోర్టుకు సరుకు తెచ్చి, అది దించేలోగా ఇటు వచ్చాడు. తెలుగువాడని తెలియగానే మేడం నన్ను అతని పక్కన కూర్చోబెట్టి, చెప్పింది ఇంగ్లీషులోకి మార్చమంది. అతని మెడలోని కార్డు మీద ఊరి పేరు చూశాను. హఫర్ అల్ బాతిన్. ఆ ఎనిమిదీ రాసింది ఇతనే.

అతని వంతు వచ్చినప్పుడు ఎక్కువ మాట్లాడలేదు. టేబుల్ మీది టిష్యూ డబ్బాను ముందు, ఎవరిదో కళ్లజోడు పెట్టెను దాని వెనక పెట్టి రెండింటినీ రబ్బరు బ్యాండుతో కలిపాడు.

"ముందరది ఇంజను, ఎనకది ట్రెయిలర్. ఎనక్కి పోయేటప్పుడు ట్రెయిలర్ ఎడమకి పోవాలంటే మనం స్టీరింగు కుడికి తిప్పాల. మీ ఆటలో ఎడమకి తిప్పితే ఎడమకే పోతాండాది. అది కారు లెక్క, ట్రెయిలర్ కాదు" అన్నాడు.

డబ్బాను మెల్లగా వెనక్కి తోసి చూపించాడు. నేను మార్చి చెప్పేలోపే అందరికీ అర్థమైంది. మేడం లేచి దగ్గరికొచ్చి తనే రెండుసార్లు తోసి చూసింది. ఇది ఇంతకు ముందు రాశారా అని అతన్ని అడిగింది. "ఎయిట్ టైమ్స్" అన్నాడు. ఆమె నా వైపు తిరిగింది.

ఆ క్షణంలో నిజం చెప్పడానికి కావాల్సినదంతా నా దగ్గర ఉంది. నేను ఇంగ్లీషులో, అతని భాష సరిగా లేదు, ఏం రాశాడో మాకు ఎవరికీ తెలియలేదు అన్నాను. ఆమె తల ఊపి రాసుకుంది.

అతను నన్నే చూస్తున్నాడు. "ఏమంటాంది సార్ ఆయమ్మ?" అని అడిగాడు.

"మీరు చెప్పింది మంచిగుందంటున్నదన్నా" అన్నాను.

అతను రబ్బరు బ్యాండు విప్పి, కళ్లజోడు పెట్టెను ఎవరిదో వాళ్ల ముందు పెట్టి, "లాంగ్వేజ్ అన్నారు గదా. ఆ మాట నాకు తెలుసు సార్" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా. మేడంకు ఏమీ చెప్పలేదు.

తర్వాత టీ దగ్గర తనే వచ్చి పక్కన నిలబడ్డాడు. నన్ను సాధించడానికి వచ్చాడనుకున్నాను. కాదు. ఊళ్లో కూతురు ఇంటర్ చదువుతోందట. వాళ్ల నాన్న ఇక్కడ ఏం పని చేస్తాడో ఆ పిల్లకు చూపించాలని ఈ గేమ్‌లో చేరాడట. శుక్రవారాలు ఫోన్లో మాట్లాడుకుంటూ, ఇతను ఆడుతుంటే ఆమె స్క్రీన్ చూసేదట. కంపెనీ నుంచి వచ్చిన జవాబు ఇంగ్లీషులో ఉంటే దాన్ని ఆ పిల్లతోనే చదివించుకున్నాడు.

"చదివి, అబ్బా, నీకు ట్రెయిలర్ తోలడం రాదని రాసినారు, నిజమేనా అనింది. పందొమ్మిదేండ్లు తోలినా సార్. రాదంటారా అని బిడ్డ అడిగితే ఏం చెప్పేది?"

టీ తాగకుండా గ్లాసు అలాగే పట్టుకున్నాడు. "ఎవరు రాసినారో మీకు తెలుసునా?" అని అడిగాడు.

"ఎవరో కొత్తోళ్లు రాసుంటరన్నా" అన్నాను.

అతను తల ఊపి, సరుకు దించడం అయిపోయి ఉంటుందని వెళ్లిపోయాడు.

రెండు వారాల్లో ట్రెయిలర్ సరిచేశారు. తర్వాతి మీటింగులో, మంచి ఆటగాణ్ణి చక్కగా మాట్లాడించానని మేడం నన్ను అందరిముందు మెచ్చుకుంది. థాంక్యూ అన్నాను. అది కూడా నా నోటితోనే అన్నాను.

ఆ తర్వాత నాకు ఫిర్యాదులు చదవడం కష్టమైంది. ఏది మూయబోయినా, దాని జవాబు చదివి వినిపించే కూతురో కొడుకో ఎక్కడో ఉన్నారనిపించేది. ఇంటికి పోతే నా భార్య, ఏమైంది, పది రోజులుగా అన్నం ముందు కూర్చొని ఎటో చూస్తున్నావు అని అడిగింది. ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "నాకు కాదు, ఆయనకు చెప్పు" అంది, అంతే.

తెలుగులో ఉత్తరం రాశాను. ఆ జవాబు రాసింది నేనే అని, ఎనిమిది సార్లూ మూసింది నేనే అని, మీటింగులో అబద్ధమాడింది కూడా నేనే అని. ట్రెయిలర్ గురించి మీ నాన్న చెప్పిందే నిజం, తెలియనిది మాకే అని అతని కూతురికి వేరేగా నాలుగు వాక్యాలు రాశాను. కింద నా ఫోన్ నంబరు పెట్టి, మేడంకు కూడా ఒక కాపీ పంపాను. ఆమె పిలిచి గట్టిగానే మాట్లాడింది. నేను మూసేవీ, రాసే జవాబులూ మూడు నెలల పాటు ఇంకొకరు చూశాకే బయటికి వెళ్లేలా పెట్టింది.

అతని నుంచి వాయిస్ మెసేజ్ ఐదో రోజు వచ్చింది. వెనక ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"మీరు రాసింది బిడ్డకు చదివినా సార్. సంతోషపడింది. మీరు ఆ పొద్దు నేను అడిగినప్పుడే చెప్పింటే బాగుండు. ఎదురుగా నిలబడుకోని అడిగినా గదా."

కోపం లేని గొంతు. కోపం ఉంటే తేలిగ్గా ఉండేదేమో. క్షమించమని మళ్లీ రాస్తే దానికి జవాబు లేదు. మరుసటి బీటాకు నేనే అతనికి ఆహ్వానం పంపాను. తెలుగులో పంపాను. అది తెరిచి చదివినట్టు కనిపిస్తోంది. చేరలేదు.