ఇంజను ఆర్పని రోజులు

ఈ కబురు ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం దిగేట్టు లేదు. అరవై దగ్గర పడుతున్న వయసులో నేను దూరవిద్యలో డిగ్రీ పాసయ్యాను. మా వంశంలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే, ఇన్నాళ్ళకు గట్టెక్కిందీ నేనే. నంద్యాలలో నా షెడ్డులో ఒక పాత ఇంగ్లీషు కారు బానెట్ కింద తలపెట్టి ఫ్యాను బోల్టులు విప్పుతుంటే, నా కూతురు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చి చెప్పింది. స్పానరు పారేసి, గ్రీజు చేతులతోనే ఆ పిల్లను ఎత్తి తిప్పబోతే నా నడుము పట్టేసింది. అయినా ఊరుకోక రోడ్డున పోయే ఆటోలను ఆపి మరీ చెప్పాను. మా నాయన మాత్రం గేటు దగ్గర కుర్చీలోంచి కదలకుండా, "డిగ్రీ వచ్చెనా. ఇంగ రేపే కలెక్టరు పని ఇస్తారులే, స్నానం చేసి రెడీగా ఉండు" అన్నాడు.

నవ్వుకోండి, ఫరవాలేదు. కానీ ఆ కబురు వచ్చినప్పుడు నా చేతిలో ఉన్న ఫ్యాను సంగతి కూడా వినాలి మీరు. ఒకప్పుడు నా చదువు ఆగిపోయింది దానివల్లే.

ఆ కారు ఆళ్ళగడ్డ దగ్గరి ఒక ఊరి పెద్దాయనది. కాలువ పనులు ముగించుకుని వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర కొన్నాడట. ఎర్ర రంగు, రెండే సీట్లు, గుడ్డ టాపు. మా నాయన దానికి డ్రైవరు. ఊరూరా వర్గాల పగలు రగిలిన ఆ రోజులు ఎలాంటివో నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. పెళ్ళికి పోయినా చావుకు పోయినా, పెద్దాయన దిగగానే బండి మూతి బాటవైపు తిప్పుకుని, ఇంజను ఆర్పకుండా స్టీరింగు పట్టుకుని కూర్చోవడమే డ్రైవరు పని. తాళం తిప్పి స్టార్టు చేసేంత వ్యవధి శత్రువుకు ఇవ్వకూడదు. మా నాయనకు ముందున్న డ్రైవరు ఒకసారి మరచి ఆర్పాడు. అతన్ని స్టీరింగు మీదే నరికేశారు. ఆ సీటు మీది తోలు మార్పించాకే మా నాయన అందులో కూర్చున్నాడు.

చలిదేశంలో పుట్టిన కారది. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలికి రేడియేటర్ చల్లబడుతుంది గానీ, నిలబెట్టి ఇంజను నడిపితే ముందున్న ఆ చిన్న ఫ్యానే దిక్కు. మా ఎండల్లో అదేం చాలుతుంది, ఎసరు మరిగినట్టు మరిగేది. ఆర్పడానికి వీల్లేదు, ఆర్పకపోతే ఇంజను కాలిపోతుంది. దాంతో నాయన ఒక కమ్మరి చేత లారీ రేకులు కోయించి, రివెట్లు కొట్టించి, వెడల్పాటి ఇనుప రెక్కల ఫ్యాను బిగించుకున్నాడు. రంపపు మిల్లులా రొద చేసేది గానీ మిట్టమధ్యాహ్నం కూడా కారు ఉడకలేదు. ఆ బరువుకు ఒక రెక్క రివెట్ దగ్గర సన్నగా చీలుతోందని ఎవరికి తెలుసు?

అప్పుడు నేను నంద్యాలలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. వేసవి సెలవుల్లో పెద్దాయన వర్గమూ, ఆయనతో పగ ఉన్న వర్గమూ రాజీ మాటలకు ఒప్పుకున్నాయి. ఆళ్ళగడ్డ బయట, శిల్పులు విగ్రహాలు చెక్కే పాకలో కూర్చుని మాట్లాడుకోవాలి, పెద్దమనిషి వెంట డ్రైవరు తప్ప ఎవరూ రాకూడదు. జీపులో పోతే మనుషుల్ని తెచ్చారంటారని పెద్దాయన ఈ రెండు సీట్ల కారులో బయలుదేరాడు. రేడియేటర్‌లో పోయడానికి నీళ్ళ క్యాను సైకిలుకు కట్టుకుని వెనకాల నేను వెళ్ళాను. మనుషులు రాకూడదన్న మాట ఏ వైపూ నిలబెట్టుకోలేదని తర్వాత తెలిసింది. పాక పక్కనే బావి కింది జొన్నచేలో ఈ పక్కన మావాళ్ళు, ఆ పక్కన వాళ్ళవాళ్ళు, కొడవళ్ళతో పొద్దున్నుంచీ పడుకుని ఉన్నారట.

పాకలోకి పోతూ పెద్దాయన ఎప్పటిలాగే, "ఆర్పొద్దప్పా" అన్నాడు. నాయన తలూపాడు. ఇంకా కళ్ళు చెక్కని దేవుళ్ళ మధ్య ఇద్దరు పెద్దమనుషులూ కూర్చున్నారు. నేను బోరింగు దగ్గర క్యాను నింపుతుండగా ధడేల్మని పేలింది. కారు బానెట్ చీల్చుకుని ఏదో పైకి లేచి, ఒక విగ్రహం చెయ్యి విరగ్గొట్టి మట్టిలో దిగబడింది. రేడియేటర్ చిల్లిపడి తెల్లటి ఆవిరి పొగలా కమ్మేసింది. మా గడ్డ మీద అలాంటి చప్పుడుకూ అలాంటి పొగకూ ఒకటే అర్థం. బాంబు అని ఎవడో అరిచాడు. జొన్నచేను రెండు వైపులా లేచి నిలబడింది.

నాయన బండిలోంచి దూకాడు. మట్టిలోంచి ఆ విరిగిన రెక్కను పెరికి, చెయ్యి పైకెత్తి, వస్తున్న అవతలి వర్గంవాళ్ళకు ఎదురుగా పరిగెత్తాడు.

"బాంబు కాదప్పా, ఫ్యాను. ఫ్యాను రెక్కప్పా ఇది, సూడండి."

వాళ్ళు చూశారు. వాళ్ళకు కనిపించింది పొగలోంచి ఇనుము ఎత్తుకుని మీదికొస్తున్న మనిషి. మొదటి వేటు ఆ ఎత్తిన చేతి మీదే పడింది. మోచేతి దగ్గర తెగిన చెయ్యి, రెక్కను పట్టుకున్నది పట్టుకున్నట్టే కిందపడింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని నరికారో నాకు తెలియదు. రాతిపొడితో తెల్లగా ఉండే ఆ నేలంతా ఎర్రటి బురదైంది. అటు ఒకరు, ఇటు ఒకరు అక్కడే పోయారు. క్యాను కట్టిన తాడుతో నాయన భుజం బిగించి ట్రాక్టరులో నంద్యాల ఆసుపత్రికి తెచ్చేదాకా, ఆయన స్పృహలో ఉన్నంతసేపూ ఒకటే మాట, ఫ్యానురా అది, చెప్తే వినల్యా అని.

ఆ తర్వాత ఇంట్లో పనిచేసే చేతులు నావే. కాలేజీ మానేసి స్పానరు పట్టాను. రాజీ చెడిపోయి పగలు ఇంకా ఎన్నేళ్ళు నడిచాయో, ఎన్ని ఇళ్ళు ఆరిపోయాయో మీకు తెలిసిందే.

నంద్యాలలో రైసుమిల్లు నడుపుతున్న పెద్దాయన మనవడు మొన్న ఆ కారును లారీ మీద ఎక్కించుకొచ్చి, "అన్నా, మా జేజినాయన బండి. నువ్వు తప్ప ఎవురూ చేయల్యారంట" అన్నాడు. ఒక రెక్క లేని ఫ్యాను దానికి అలాగే ఉంది. బండి వచ్చినప్పటి నుంచి నాయన దానికి వీపు పెట్టి గేటు దగ్గరే కూర్చున్నాడు. తిరిగి పంపేద్దామా అని అడిగితే కుర్చీని ఇంకాస్త రోడ్డువైపు జరుపుకున్నాడు. ఆయన ఒక్కసారైనా, భయం లేకుండా ఆ సీట్లో కూర్చోవాలని నాకు పట్టుదల పుట్టింది.

రేడియేటర్‌కు పడ్డ చిల్లి పూడ్చి, ఇనుప ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను బిగించాను. మన బండ్లలో బ్యాటరీ మైనస్సు తీగ బాడీకి కలుపుతారు, ఈ పాత కార్లలో ప్లస్సు తీగ కలుపుతారు కాబట్టి, మొదట అది వెనక్కి తిరిగింది. తీగలు మార్చాను. డిగ్రీ కబురు వచ్చిన మర్నాడు స్టార్టు చేశాను. ఇంజను మెల్లగా నడుస్తోంది, రొద లేదు. కాసేపటికి నా వెనక చెప్పుల చప్పుడైంది.

"ఏందిరా, ఫ్యాను సప్పుడు ల్యా?"

"వేడెక్కితే అదే తిరుగుతాది నాయనా. సల్లబడితే అదే ఆగుతాది."

ఆయన బానెట్ కిందికి వంగి కొత్త ఫ్యానును చూసి, డ్రైవరు సీట్లోకి జారాడు. స్టీరింగు మీద ఎడమ చెయ్యి వేసి, మెడ తిప్పి గేటు బయటికి, రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "ఎవురూ రాల్యా గదా" అన్నాడు. లేదన్నాను. స్టీరింగు వదిలి అదే చేత్తో తాళం తిప్పి ఆర్పేశాడు.

ఇప్పుడు మా వైపు అందరూ బండి మూతి గోడకు పెట్టి, ఆర్పేసి, తాళం జేబులో వేసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పోతున్నారు. అందులో ఏముందని మా పిల్లలు అడిగితే, ఇంత చదివీ, నేను ఈ ఫ్యాను కథే చెప్తాను. ఆ రోజు నాయన తాళం నాకివ్వలేదు. చొక్కా జేబులో వేసుకుని అన్నానికి కూర్చున్నాడు.