మేత ఆపిన పళ్లెం

పరిశోధనశాలలో కణాలకు మేత పెట్టే ఆమెను అందరూ కణాలమ్మ అంటారు. పసిబిడ్డ నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లగా గాజుపళ్లెం మూత తీస్తుంది. కణం ఒంటిమీది గ్రాహకాలు కాలింగ్ బెల్లులాంటివనీ, మేతలోని వృద్ధి పదార్థం వచ్చి నొక్కితేనే కణం పెరిగి రెండవుతుందనీ కొత్తవాళ్లకు ఆమే చెబుతుంది. "మేత ఆపి చూడండి, కిక్కురుమనకుండా పడుంటాయి!" అని నవ్వుతుంది. తన చంకలో గడ్డ చేతికి తగిలినప్పటినుంచి, దాన్నీ అలాగే లొంగదీయాలని, ఎవరికీ చెప్పకుండా తిండి మానేసింది. అడిగితే "ఒళ్లు తగ్గాలి" అంటుంది.

ఒక ఉదయం మేత ఆపిన పళ్లెం ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాలు ఒకదానిమీదొకటి ఎక్కి కిక్కిరిసి ఉన్నాయి. పక్కసీటు అమ్మాయి తొంగిచూసి, "వీటి బెల్లు ఇరుక్కుపోయిందక్కా. ఎవరూ నొక్కకపోయినా మోగుతూనే ఉంది. ఇలాంటివాటిని ఎంత మాడ్చినా ఆగవు" అంది. గ్లౌజు తీయకుండానే కణాలమ్మ చెయ్యి చంకలోకి పోయింది. తగ్గిందని రోజూ తనకు తాను సర్దిచెప్పుకుంటున్న గడ్డ, నిమ్మకాయంత అయి వేళ్లకు తగిలింది.

"అమ్మాయ్, నాతో డాక్టరు దగ్గరికి రావే" అంది. "ఇన్నాళ్లూ దీన్ని మాడుస్తున్నాననుకున్నా. మాడింది నేనొక్కదాన్నే."