మేకలు ముట్టని ఆకు

అమ్మ మెడ పక్కన గడ్డ కనపడిన ఏడాది మాకు వానలు లేవు. కళ్యాణదుర్గం డాక్టరు చేత్తో తడిమి చూసి, బెంగళూరుకు తీసుకుపొమ్మన్నాడు. అక్కడి ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి, లింఫు గ్రంథుల క్యాన్సరని తేల్చారు. నాయన గొడ్లను వదిలి రాలేడు గనుక అమ్మ వెంట నేనే తిరిగాను.

మొదటిసారి మందు ఎక్కించేటప్పుడు, అమ్మ భయం పోగొట్టాలని నర్సు, "ఈ మందు బిళ్ళగన్నేరు నుంచి తీస్తారమ్మా. మీ ఊళ్ళో ఉంటుంది కదా?" అంది.

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "అది మేకలు గూడా ముట్టవు గదమ్మా! నాకు ఎక్కిస్తాండారా?"

నర్సు నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి ఈ సంగతి నాయనకు చెప్పాం. మర్నాడు పొద్దున నేను నీళ్ళు తెచ్చేసరికి, ఆయన గోడవార బిళ్ళగన్నేరు మొక్కల ఆకంతా దూసి, రోట్లో నూరి, గ్లాసెడు పసరు తీసిపెట్టాడు. అమ్మ గ్లాసు పట్టుకుని నా వైపు చూసింది.

"ఆగు నాయనా, డాక్టర్ని అడిగినాంక తాగిద్దాం," అన్నాను.

"మందు ఇంటికాడే ఉండాదంటే, ఆమెను అంత దూరం బస్సులో తిప్పేదెందుకు?" అన్నాడు నాయన. దారి పొడవునా అమ్మకు వాంతులయ్యాయని ఆయనకు తెలుసు.

నాయనా నేనూ ఎస్టీడీ బూతుకు పోయాం. బెంగళూరు డాక్టరే ఫోనెత్తాడు. నాయన రిసీవరు నా చేతిలోంచి తీసుకుని తనే విన్నాడు. బోలెడంత ఆకు నుంచి రవ్వంత మందు తీస్తారనీ, పచ్చి పసరులో ఎంత మందుందో ఎంత విషముందో ఎవరూ చెప్పలేరనీ, ప్రాణం మీదికి రావచ్చనీ డాక్టరు చెప్పాడట.

ఇంటికి రాగానే నాయన పసరు దిబ్బలో పారబోశాడు. రోలు కడిగాడు, మళ్ళీ కడిగాడు. "తాగింటే ఏమయ్యేదో," అని అక్కడే కూలబడ్డాడు.

"తాగలేదు గదా. లెయ్," అంది అమ్మ.

ఆ తర్వాత అమ్మ జుట్టు రాలింది. వేళ్ళు మొద్దుబారడంతో ఆమె జాకెట్టు హుక్కులు నేనే పెట్టేదాన్ని. గడ్డ మాత్రం కరుగుతూ వచ్చింది. చివరికి ఒకనాడు స్కానింగు చూసి డాక్టరు, "జబ్బు కనపడ్డం లేదు. చూపించుకుంటూ ఉండండి," అన్నాడు.

"ఏమంటాండాడు?" అంది అమ్మ.

"లేదంటమ్మా. పోయిందంట."

మా ఊరి రోడ్డు మీద నాయన నిలబడి ఉన్నాడు. బస్సు ఆగకముందే అమ్మ కిటికీలోంచి, "పోయిందంట!" అని అరిచింది. బస్సంతా మా వైపు తిరిగింది.

నాయన సంచి అందుకుని కొంత దూరం నడిచాక, "ఆకలైతాందా?" అని అడిగాడు.

"శానా," అంది అమ్మ.

జబ్బు మొదలయ్యాక ఆమె తనకు ఆకలవుతోందనడం అదే మొదలు.