ఎర్ర టేపు జరిగిన వారం

పొద్దున్నే షెడ్డు షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, లైటు వేయకముందే ఎదురుగా ఉన్న ఇంజను మీద అరచెయ్యి ఆనించేవాడు గాలి మేస్త్రి. "స్వామీ, ఇవాళ నా చేతిలో ఎవరి బండీ పాడవకుండా చూడు" అని గొంతులోనే అనుకునేవాడు. ఇరవై ఏళ్ళలో ఆ మాట మరచిన రోజు లేదు. ఏ బండి వచ్చినా "ముందు దీనికి గాలి ఆడనివ్వండి" అనడం అలవాటు గనుక గాలి మేస్త్రి అని పేరు పడింది.

ఆ వేసవిలో అతని చెయ్యి ఆనింది డ్రైవరన్న పాత కారు మీద. డ్రైవరన్న బస్సు నడిపి రిటైరైన మనిషి.

"మీ వదిన చెల్లెలు కొండ మీద ఉంటుంది తమ్ముడూ. బండి సగం దారిలో ఆయాసపడి ఆగిపోతోంది. ఆ మోకాళ్ళతో మీ వదిన దిగి నడవలేదు, నేను తొయ్యలేను. ఏదైనా చెయ్యి."

మేస్త్రి ఆ ఇంజనుకు సూపర్‌చార్జరు బిగించాడు. బెల్టుతో తిరుగుతూ గాలిని బలంగా లోపలికి తోసే యంత్రం అది. ఎంత తోస్తోందో చూపే గేజి అద్దం మీద, ఎనిమిది అంకె దగ్గర, ఎర్ర టేపు ముక్క అంటించాడు.

"ఇది దాటనివ్వనన్నా. దీని ఒళ్ళు నాకు తెలుసు."

డ్రైవరన్న కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఇంత చిన్న ముక్క మాట వింటుందంటావా, నీ గాలి?"

ఎనిమిదికే కారు ఎత్తు మీదికి హాయిగా పాకింది. అప్పుడే అప్పగించి ఉంటే సరిపోయేది. కాని మేస్త్రికి దురద పుట్టింది. దీని హద్దు ఎక్కడ? బెల్టు తిప్పే చక్రాన్ని, అదే పుల్లీని, లేతు మిషను మీద కాస్త చిన్నదిగా కోసి బిగిస్తే యంత్రం ఇంకా వేగంగా తిరుగుతుంది. ఒక రోజు తొమ్మిది. టేపు జరిపాడు. మర్నాడు పదిన్నర. మళ్ళీ జరిపాడు. డ్రైవరన్న అడిగితే "ఇంకా సరిచూస్తున్నానన్నా" అన్నాడు.

పన్నెండు దగ్గర, ఎత్తు మీద, ఇంజను లోపల ఎవరో చిన్న సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు వింటే వెంటనే యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యాలని ఊరందరికీ చెప్పేవాడు తనే. విన్నాడు. కాలు తియ్యలేదు. ఇంకొక్క క్షణం అనుకున్నాడు. తెల్లటి పొగ కమ్మింది. విప్పి చూస్తే పిస్టను నెత్తిన వేలు దూరేంత కన్నం.

డ్రైవరన్న ఫ్లాస్కుతో వచ్చాడు. కారు వంక చూడకుండా ముందు మేస్త్రి చేతిలో టీ కప్పు పెట్టాడు. "తాగు. మొహం పీక్కుపోయింది. ఏమైంది?"

ఆ టీ వేడి చేతిలో ఉండగానే నోట అబద్ధం దొర్లిపోయింది. "పెట్రోల్లో నీళ్ళు కలిసినట్టున్నాయన్నా."

డ్రైవరన్న నేరుగా పెట్రోలు బంకుకు నడిచాడు.

మర్నాడు మేస్త్రి ఇనుము మీద చెయ్యి ఆనించాడు. ఎప్పటి మాట రాలేదు. ఏ మొహంతో అడగడం? చెయ్యి తీసేసి లైటు వేశాడు. షట్టరు కింద నుంచి చెప్పులు కనిపించాయి. బంకులో పంపు చూసుకునే అక్క. చేతిలో పెట్రోలున్న గాజు సీసా.

"మా పంపులోదే మేస్త్రీ. వెలుతుర్లో పెట్టి చూడు. నిన్నటి నుంచి పంపు ఆపేశా, వచ్చినవాళ్ళందర్నీ పక్క బంకుకి పంపుతున్నా. ఇంకొకరి బండి కూడా పాడైతే ఆ పాపం నేను మొయ్యలేను."

"మీ యజమాని ఏమన్నాడు?"

"రేపటికల్లా తేల్చమన్నాడు. నీళ్ళున్నాయని తేలితే నన్ను మాన్పించి ఇంకొకర్ని పెట్టుకుంటాడట."

మేస్త్రి సీసాను కిటికీ వైపు ఎత్తాడు. అడుగున నీటి చుక్క లేదు. "శుభ్రంగా ఉందక్కా."

"నామీద జాలిపడి చెప్పకు. సరిగ్గా చూడు."

మేస్త్రి సీసా బల్ల మీద పెట్టి, సొరుగులోంచి కోసిన పుల్లీలు తీసి పక్కన పేర్చాడు. తరువాత గేజి విప్పి తెచ్చాడు. అద్దం మీద టేపు లేచిన చోటల్లా జిగురు మరకలు, ఎనిమిది నుంచి పన్నెండు దాకా, వరసగా.

"నీళ్ళు లేవు. ఇదంతా నేనే చేశానక్కా. చప్పుడు విని కూడా ఆపలేదు."

అక్క ఒక్కో మరకనూ వేలితో తడిమింది. "ఇన్నేళ్ళలో డ్రైవరన్న నన్ను గట్టిగా ఒక మాట అనలేదు. నిన్న అందరి ముందూ కల్తీదానివన్నాడు. నీకు నోరెలా వచ్చింది?"

అక్క సీసా తీసుకుని షట్టరు దాకా వెళ్ళింది.

"అక్కా, సాయం అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నా. అన్న ఇంటిదాకా నాతో రా. చెప్పేది నేనే. అక్కణ్ణుంచి మీ యజమాని దగ్గరికీ నేనే వస్తా. నువ్వు ఎదురుగా నిలబడు, చాలు. నువ్వు చూస్తూ ఉంటే నా నోట ఇంకో అబద్ధం రాదు."