జీవమ్మ ఎంచిన నవల

జీవమ్మ తండ్రి పేరు లేవి. రోడ్డు పనిలో కంకర కొట్టేవాడు. మధ్యాహ్నం కూడు తిన్నాక నాపరాతి మీద బొగ్గుతో ఒక అక్షరం రాసి కూతురి చేత దిద్దించేవాడు. ఆయనకు వచ్చిన చదువు అంతే. అక్కడినుంచి ఆమె తెలుగు పండితురాలు కావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఆలూరు దగ్గరి బోర్డు హైస్కూల్లో తొమ్మిదేళ్లు చిన్న తరగతులకే పాఠం చెప్పింది. పై తరగతి అడిగినప్పుడల్లా హెడ్మాస్టరు తిమ్మారెడ్డి "చూద్దాం లేమ్మా" అనేవాడు. 1957లో పెద్ద పండితుడికి బదిలీ అయింది. పై తరగతి, దానికి ఉపవాచకం ఎంచే పని ఆమె చేతికొచ్చాయి. ఎంచిన పుస్తకం పిల్లలకు నప్పితే తరగతి ఆమెకే ఖాయం. నప్పకపోతే కర్నూలు నుంచి ఇంకొకరిని రప్పిస్తానని ఆయన ముందే చెప్పాడు.

ఎంచవలసింది రెండు నవలల్లో ఒకదాన్ని. రెండూ అనువాదాలు. రెండూ ఇంకా రాని కాలం గురించినవి. మొదటిదాంట్లో ప్రతివాడూ పక్కింటివాడి మాటలు రాసి సర్కారుకు పంపాలి. రెండోదాంట్లో ఆ భయం లేదు. ఇంటింటికీ కొళాయి నీళ్లు, గడపలోకే ధాన్యం. బదులుగా ఎవరూ దేన్నీ ఎందుకని అడగకూడదు.

"మొదటిదే పెట్టమ్మా. భయం ఎవురికైనా అర్థమైతాది," అన్నాడు తిమ్మారెడ్డి.

"రెండోది లోతుగా ఉండాది సార్."

"లోతు మన బావులకు శానా ఉండాది. నీళ్లే లేవు."

అయినా ఆమె రెండోదే తీసుకుంది. బడిలో ఆ నవల ఒకటే ప్రతి. జీవమ్మ మొదటి అధ్యాయం పైకి చదివింది. కొళాయి తిప్పగానే నీళ్లు దుమికే చోట తరగతి ఊపిరి బిగబట్టింది. చదవడం ఆపగానే వెనక బెంచీలో నరసింహ లేచాడు.

"టీచరమ్మా, ఆ దేశం యాడుండాది? బస్సు పోతాదా?"

"నాకూ ఒక టిక్కెట్టు తీయప్పా!" అని ఇంకొకడు.

తరగతి గొల్లుమంది. వాళ్లు భయపడతారని ఆమె అనుకుంది. వాళ్లకు ఆశ పుట్టింది. వరండాలో నిలబడ్డ తిమ్మారెడ్డి నవ్వాడు. "ఏమమ్మా, క్లాసంతా వలస పోయేటట్టుండారే."

జీవమ్మ మొహం వేడెక్కింది. అయినా పిల్లల్ని కసరలేదు. ఎండిన వంకలో చెలమ తోడి, ఊరే నీటికోసం బిందెతో కాచుకున్నది ఆమె కూడా.

"సరే, పోయినామనుకోండి. ఆరు నెలలైంది. ఆడనుంచి ఇంటికి జాబు రాసుకోని రండి. మన మాటల్లోనే రాయండి," అంది.

మర్నాడు ముప్పై ఆరు జాబులు వచ్చాయి. అన్నిటా నీళ్లే. ఒకడు రోజుకు మూడుసార్లు స్నానం చేశాడు. ఒకడు ఎద్దులకూ కొళాయి పెట్టించాడు. గాజులమ్మే మీరా హుస్సేన్ కూతురు గుల్జార్ బీ లేచి తనది చదివింది.

"అమ్మీకి సలాం. ఈడ నీళ్లు శానా ఉండాయి. చెలమ కాడ మాదిరి వంతు కాచుకునే పని లేదు. మా ఊరికి ఎందుకియ్యరని నిన్న కొళాయి కాడి మనిషిని అడిగినా. ఆ మాట అడగగూడదంట. పోయినేడు నువ్వు తాలూకా కచేరీ ముందర బిందె బోర్లించి కూచుంటివి గదా. ఈడ అట్ల కూచుంటే తప్పంట. అమ్మీ, నాకు నీళ్లూ కావల్ల, నోరూ కావల్ల. ఒకటే తీసుకో అనేదానికి వీళ్లెవురు? నేను వచ్చేస్తాండా."

చదవడం అయ్యాక గుల్జార్ కాగితం మడిచింది.

"వస్తే వచ్చినావు గానీ, బిందె నింపుకోని రా మే!" అన్నాడు నరసింహ.

"నింపుకోని రాను. కొళాయే పెరుక్కోని వస్తా!"

అక్కడ మొదలైన వాదం గంట కొట్టినా ఆగలేదు. సర్కారు మంచిదైతే అడగడమెందుకని కొందరు. అడగకుండా మంచిదని ఎట్ల తెలుస్తాదని కొందరు. జీవమ్మ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఇది తన తరగతి అని ఆమెకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం తిమ్మారెడ్డి గుల్జార్ జాబును నిలబడే చదివాడు. మళ్లీ చదివాడు. ఎంపిక కాగితాన్ని ఎప్పుడూ ఆయనే నింపేవాడు. ఈసారి బల్ల మీద దాన్ని ఆమె వైపు తిప్పాడు.

"కారణం మీరే రాయండి."

తొమ్మిదేళ్లలో ఆయన ఆమెను మీరు అనడం అదే మొదలు. జీవమ్మ కలం తీసుకుంది. "ఈ పుస్తకంతో మా పిల్లలు తగువు పడగలరు" అని రాసి, కింద పేరు పూర్తిగా రాసింది.

"ఆ పుస్తకం నాకొకసారి ఇయ్యండమ్మా. రేపు చదివి ఇస్తా."

"ఒకటే ఉండాది సార్. పిల్లలదయినాక ఇస్తా," అంది జీవమ్మ.