గంట ఎవురు కొట్టినారు?

మా మేనత్త పోయిందన్న కబురు చుట్టాలకంటే ముందు పొద్దుటి రైలుకు తెలిసింది. పోయిన నెల ఒక సోమవారం ఆమె మా కోలారు గనుల ఊళ్ళోని కోరమండల్ స్టేషన్లో ఎక్కలేదు. మారికుప్పంలోనే ఎక్కి ఆమెకోసం కిటికీ సీటు పట్టి ఉంచే ఆడవాళ్ళు వెంటనే నాకు ఫోన్ చేశారు. "పాపా, మీ అత్త రాలేదు. బిన్నా పోయి చూడు." నేను పరుగెత్తి వెళ్ళేసరికి క్యారియర్ సర్ది ఉంది, గుమ్మం దగ్గర చెప్పులు ఉన్నాయి, ఆమె కుర్చీలో ఒరిగి ఉంది. నిద్రపోతోందనుకున్నాను.

ఏడ్చాను. ఇప్పటికీ ఏడుపొస్తుంది. కానీ ఇక్కడ రాయాలనుకున్నది ఆ ఏడుపు కాదు. మా అత్త గెలిచి పోయిన మనిషి, ఆ గెలుపు మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ఆమె బెంగళూరులో గార్మెంట్స్ ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించేది. ఇరవై ఏళ్ళు అదే రైలు, అదే ఆడవాళ్ళ పెట్టె. సీట్లో కూర్చోగానే "స్తోత్రం" అని, చిత్రాన్నం డబ్బా మూత తీసి చుట్టూ తిప్పేది. డిగ్రీ చివరి ఏడు నేనూ ఆమె పక్కనే కూర్చుని కాలేజీకి వెళ్ళేదాన్ని. నాకప్పుడు ఫోన్లో వచ్చే ఫాంటసీ ప్రేమ కామిక్స్ అంటే పిచ్చి. తల ఎత్తేదాన్ని కాదు.

"ఏందే అది, ఎప్పుడూ గీకుతానే ఉండావు? యాడ, నాకూ చూపించు," అని ఒకరోజు ఫోన్ లాక్కుంది. తిడుతుందనుకున్నాను. అబ్బే! వారం తిరక్కముందే నాకంటే ముందు ఆమే కొత్త భాగం కోసం ఎదురుచూసింది. పెట్టెలో అందరికీ వినబడేలా, ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెట్టి చదివేది.

అందులో ఒక కొమ్ముల రాజు. మందులు నూరే పల్లెటూరి పిల్లను ఎత్తుకొచ్చి కోటలో పెట్టి తాళం వేస్తాడు. ఆమె బయటికి చూస్తే కిటికీ మూయిస్తాడు, ఉత్తరం రాస్తే కాల్చేస్తాడు. అన్నిటికీ ఒకటే మాట, నువ్వు లేకుండా నేను బతకలేను అని. చివరికి ఆ పిల్ల అతని గుండె మీద తల వాలుస్తుంది, పైనుంచి పూలు రాలతాయి. నేను కరిగి నీరైపోయేదాన్ని.

అత్త బొమ్మను పెద్దది చేసి చూసింది. "గౌను ఏమి కట్ చేసినాడమ్మా, యాడా ముడత లేదు! కొమ్ములు కూడా బాగుండాయి." ఆగి, కళ్ళద్దాలు పైకి నెట్టి అడిగింది. "అది సరే, గంట ఎవురు కొట్టినారు?"

ఆ మాట మా తాతది. ఆయన బంగారు గనిలో కేజ్ నడిపే ఇంజన్ డ్రైవరు. మనుషుల్ని భూమి లోపలికి దించే, పైకి తెచ్చే ఇనుప లిఫ్టును కేజ్ అంటారు. అడుగున ఉన్నవాళ్ళు గంట కొట్టందే తాత లీవర్ ముట్టేవాడు కాదు. పైన అధికారి నిలబడి అరిచినా అంతే. "లోపలుండే వాని కాలు కేజ్‌లో ఉండాదో, బయట ఉండాదో, పైనుండే నాకేం తెలుసు? వాడే చెప్పల్ల," అనేవాడట.

"ఈ పిల్ల కొట్టిందా?" అని అత్త పేజీలన్నీ వెనక్కి తిప్పి వెతికింది. "లేదు. ఆయప్పే కొట్టుకున్నాడు, ఆయప్పే లాగినాడు. పూలొకటి మళ్ళీ!" పెట్టెంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "అది ప్రేమ అత్తా, నీకు తెలీదు," అన్నాను.

ఎందుకు మండిందో మీకు చెప్పాలి. నాకూ ఒక రాజు ఉండేవాడు, కొమ్ములు లేవంతే. రోజూ బంగారుపేట ప్లాట్‌ఫారం మీద నిలబడేవాడు. నా ఫోన్ పాస్‌వర్డ్ అతని దగ్గర ఉండేది. నా స్నేహితురాళ్ళ నంబర్లన్నీ తీసేశాడు. ఒకసారి మణికట్టు నలిపితే గాజులు పగిలి గుచ్చుకున్నాయి. ఎంత ప్రేమ లేకపోతే అంత కోపం వస్తుంది అనుకున్నాను. ఎంత తెలివి! పరీక్షలు రాయొద్దు, శుక్రవారం సర్టిఫికెట్లు తీసుకుని బంగారుపేటలో దిగిపో, శ్రీనివాసపురంలో పెళ్ళి, అన్నీ మాట్లాడేశానన్నాడు. నన్ను అడగలేదన్న సంగతి నాకే తట్టలేదు.

మణికట్టు మీద గీతలు అత్త చూసింది, అడిగి శుక్రవారం సంగతంతా రాబట్టింది. పసుపు రాసింది. "నేను వద్దంటే నాకోసం ఆగుతావు, అది కూడా నేను కొట్టిన గంటే అవుతుంది," అంది.

శుక్రవారం వచ్చింది. నా ఒళ్ళో సర్టిఫికెట్ల సంచి. బంగారుపేటలో రైలు ఆగింది. అతను కిటికీ దగ్గరికి వచ్చి ఒక్కటే మాట అన్నాడు. "దిగు."

నేను అత్త వైపు తిరిగాను. ఆమె డబ్బా మూత పెడుతోంది. "నన్ను చూసేది ఏంటికే? కేజ్‌లో ఉండేది నువ్వు."

మాట ఎలా వచ్చిందో తెలియదు, గట్టిగా వచ్చింది. "నేను గంట కొట్టలేదు."

అతనికి అర్థం కాలేదు. పెట్టెలో ప్రతి ఆడదానికీ అర్థమైంది. అతను తలుపు దగ్గరికి వచ్చి మెట్టు మీద కాలు పెట్టేసరికి పదిమంది లేచి అడ్డం నిలబడ్డారు. అందరికంటే పొట్టిది మా అత్త ముందు నిలబడింది. "ఇది ఆడోళ్ళ పెట్టెప్పా. దిగు." అతని మాటే అతనికి ఇచ్చేసింది! రైలు కదిలింది. ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో ఈల కూడా వేశారు. నేను అత్త ఒళ్ళో పడి ఏడ్చాను, నవ్వాను.

తర్వాత నెలరోజులు బెదిరింపు ఫోన్లు తప్పలేదు. అత్త సెలవు పెట్టి నాతో పోలీస్ స్టేషన్‌కు వచ్చింది. నేను పరీక్షలు రాశాను, పాసయ్యాను. ఇప్పుడు ఊళ్ళోనే బళ్ళో పాఠాలు చెబుతున్నాను.

కామిక్స్ మాత్రం ఇద్దరం మానలేదు. ఒక కథలో డ్రాగన్ల రాజు తను ప్రేమించిన పిల్ల తలుపు బయట నిలబడి, "లోపలికి రావచ్చా?" అని అడిగి, ఆమె వద్దంటే మంచులో తిరిగి నడిచిపోతాడు. "వీడు మా నాయన శిష్యుడే!" అని అత్త ఆ పేజీని పెట్టెలో అందరికీ చూపించింది.

సమాధి చేసిన వారం తర్వాత, ఫ్యాక్టరీలో ఉండిపోయిన ఆమె కత్తెర తెచ్చుకుందామని అదే రైలు ఎక్కాను. కిటికీ సీట్లో ఎవరో కాలేజీ పిల్ల కూర్చుని ఉంది. మా అత్త ఎవరో కూడా ఆ పిల్లకు తెలియదు. ఫోన్లో ఒక రాజు, ఒక తాళం, రాలుతున్న పూలు. ఎదురుగా పూలు కడుతున్న పెద్దామె మెడ చాచి చూసింది. "బాగుండాది పాపా. ఇంగ గంట ఎవురు కొట్టినారు?"

పెట్టెంతా ఘొల్లుమంది. ఆ పిల్ల గంటేమిటని అడిగింది, అందరూ ఒకేసారి చెప్పారు. విని, ముఖం ముడుచుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

కోలారు మామిడి తోటలు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి ఓరగా చూశాను. ఆ పిల్ల బొటనవేలు పేజీని మెల్లగా వెనక్కి జరుపుతోంది, మొదటి బొమ్మ దాకా, వెతుక్కుంటూ.